ఆ మొకాన్ని ఒకసారి తిప్పి చూపించండి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్నటి ఆదివారం మీ అనుబంధంలో మెక్సికో చెక్క ముసుగుల మీద రెండు పేజీల వ్యాసం వచ్చింది. వ్యాసం బాగుంది, ఫోటోలు ఇంకా బాగున్నాయి. నేను వరంగల్ కాశిబుగ్గలో వడ్రంగిని. దర్వాజలు, కిటికీలు, దేవుని గూళ్లు చేస్తూ 46 ఏళ్లు గడిచాయి. రెడీమేడ్ తలుపులు వచ్చాక చేతిలో పని తగ్గి పేపర్ చదవడం ఎక్కువైంది. ఆ రెండు పేజీలు కత్తిరించి, నేను రందా పట్టే బల్లకు ఎదురుగా గోడకు అంటించుకున్నాను. వారం రోజులు వాటిని చూస్తూ పని చేశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

మీరు వేసినవి 11 ఫోటోలు. పదకొండూ ముందు నుంచి తీసినవే. ఒక్క ముసుగునైనా తిప్పి వెనక వైపు చూపించలేదు. చదివేవాళ్లకు ఇది చిన్న సంగతే కావచ్చు. చెక్క పని చేసేవాడికి మాత్రం, తలుపు ఫోటో వేసి మడతబందులు దాచిపెట్టినట్టు ఉంటుంది. వ్యాసం చివర ఇంకో మాట రాశారు, ఇలాంటి సంప్రదాయం మన వైపు కనబడదని. ఆ మాట దగ్గరే నాకు గుండె కలుక్కుమంది. ముందు దాని సంగతి చెప్తాను.

1974 ఎండాకాలం. నాకు పన్నెండేళ్లు. అప్పుడు మేం పరకాల దగ్గర ఊళ్లో ఉండేవాళ్లం. ములుగు అడవి వైపు నుంచి ఇద్దరు నాయకపోడు తెగ మనుషులు పొద్దున్నే మా కొట్టం ముందుకు వచ్చారు. పెద్దాయన చంకలో గొంగడి మూట ఉంది. విప్పితే అందులో చెక్కతో చేసిన భీముని మొకం. (మా ఇంట్లో ముసుగు అనే మాట లేదు, మొకమే అనేవాళ్లం. ఇక్కడా అదే రాస్తాను.) వాళ్ల కొలుపులో గుర్రం మొకంతో లక్ష్మీదేవర ఆడుతుంది, పాండవుల మొకాలు ఆడతాయి, పోతురాజు ఆడతాడు. కిందటి ఏడాది ఆటలో ఈ భీముడు కిందపడి, గదవ నుంచి ఎడమ చెవి కింద దాకా పగిలాడు.

మా బాపు దాన్ని చేతిలోకి తీసుకుని ముందు వైపు చూడనే లేదు. నేరుగా తిప్పాడు. లోపల నుదురు ఆనే చోట, ముక్కు దూలం ఆనే చోట, గదవ దగ్గర, ఈ మూడు చోట్ల చెక్క నల్లబడి చింతగింజలా మెరుస్తోంది. మిగతా అంతా గోరు ఉలి గాట్లు అలాగే గరుకుగా ఉన్నాయి. మేం సాండ్ పేపర్ పట్టి తెచ్చే నునుపు కాదది, మనుషుల చెమటతో వచ్చింది. తాడు కట్టే రంధ్రాలు గుండ్రంగా లేవు, లాగీ లాగీ చెవుల వైపు సాగిపోయాయి. కుడి కంటి రంధ్రం ఎడమ దానికంటే పెద్దగా, బియ్యపు గింజంత కిందికి ఉంది. నేను అది చెక్కినవాడి తప్పు అనుకున్నాను. పెద్దాయన చెప్పాడు, మొదట ఆ మొకం చేయించుకున్న తాతకు ఎడమ కన్ను కనబడేది కాదట. అందుకని చూపున్న కంటికి దారి ఎక్కువ ఇచ్చారట. ఆయన పోయాక ఇద్దరు ముగ్గురు ఆ మొకం కట్టుకున్నా ఎవరూ దాన్ని సరిచేయలేదు.

బాపు దగ్గర అప్పుడు తోలు ఉడికించి చేసిన జిగురే ఉండేది. దేవుని మొకానికి అది వద్దన్నాడు పెద్దాయన. మేకు అసలే వద్దన్నాడు. అప్పుడు బాపు చింతగింజలు నానబెట్టించి, పొట్టు తీసి, అమ్మతో రోట్లో నూరించి, ఆ ముద్ద ఉడికించి అందులో సన్నటి రంపపు పొట్టు కలిపాడు. పగులులో పొణికి చెక్క చీలిక ఒకటి బిగించి, చుట్టూ ఈ లప్పం నింపాడు. ఆరడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ పెద్దాయన మా అరుగు మీదే ఉన్నాడు. మొకాన్ని నేల మీద పెట్టనివ్వలేదు. అమ్మ జల్లెడ బోర్లించి, దాని మీద ఉతికిన తువాల పరిచి ఇచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే నేను దాన్ని మొకానికి పెట్టుకున్నాను. పొగ, నూనె, పాత చెమట కలిసిన వాసన. ఎదురుగా రెండు వెలుతురు బొట్లు తప్ప ఏమీ లేదు. నా కాళ్లు నాకు కనబడలేదు. ఊపిరి నా చెవుల్లోనే పెద్దగా వినబడుతోంది. రెండడుగులు వేసి నీళ్ల గోలేనికి కొట్టుకున్నాను. ఆ చప్పుడుకు బాపు లేచి నెత్తి మీద ఒక్కటిచ్చాడు. పెద్దాయన మాత్రం తిట్టలేదు. "కండ్లతోని చూస్తే ఆడలేవు పిలగా, డోలు ఎట్ల చెప్తె అట్ల అడుగెయ్యాలె" అన్నాడు.

కాబట్టి ఇలాంటిది మన దగ్గర లేదని రాయకండి. ఆదిలాబాద్ వైపు గోండుల దండారి పండుగలో ఆడే గుస్సాడీలకు మొకం మీద చెక్క ఉండదు, నెత్తిన నెమలీకల టోపీ, ఒంటి మీద బూడిద ఉంటాయి. ఆ వేషంలో ఉన్నన్ని రోజులూ స్నానం చేయరు. గుస్సాడీ ఆడే మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు మీరే మొదటి పేజీలో వేశారు. 2024 అక్టోబర్‌లో ఆయన పోయినప్పుడూ వేశారు. పీరీల పండుగకు పులి వేషాలు మా వీధిలోకే వచ్చేవి. వేషం కట్టాక మనిషి మారతాడన్న సంగతి తెలిసిన నేల ఇది.

ఇక మెక్సికో సంగతి. మా చిన్నమ్మాయి హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివింది. చదువుకునేటప్పుడు ఈ మెక్సికో మొకాల మీదే ప్రాజెక్టు చేసింది. సెలవులకు వచ్చి ఫోన్‌లో వీడియోలు పెట్టి, ఇంగ్లీషులో ఉన్నది తెలుగు చేసి నాకు చెప్పేది. "బాపూ, ఈ ఉలి ఏంది, ఇట్ల ఎందుకు పట్టిండు" అని నన్ను అడిగి తన పేపర్లో రాసుకునేది. అట్లా నాకు తెలిసినవాటిలో మీ వ్యాసంలో రానివి కొన్ని ఉన్నాయి.

మిచోఆకాన్ రాష్ట్రంలో పురెపెచా వాళ్ల ముసలివాళ్ల ఆట ఒకటి ఉంది. మీరు దాని మొకం వేసి 'నవ్వుతున్న వృద్ధుడు' అని రాసి ఊరుకున్నారు. ఆ బోసి నోటి గులాబీ మొకాల వెనక ఉండేది ఎక్కువగా కుర్రవాళ్లు. నడుం వంచి, కర్ర ఆనించి, దగ్గుతూ, తూలుతూ వస్తారు. వచ్చి ఒక్కసారిగా కాళ్లు టకటకలాడిస్తారు. ఆ చప్పుడు ఎక్కడిదా అని వీడియో నాలుగుసార్లు వెనక్కి తిప్పించాను. వాళ్ల చెప్పుల అడుగు చెక్కతో చేసింది. అంటే ఆ ఆటలో వడ్రంగి పని మొకం దగ్గరా ఉంది, పాదం దగ్గరా ఉంది. మీ ఫోటో గడ్డం దగ్గరే ఆగిపోయింది.

చియాపాస్ రాష్ట్రంలో చియాపా దే కోర్సో అనే ఊరు ఉంది. అక్కడ ఏటా జనవరి 4 నుంచి 23 దాకా పెద్ద జాతర. పారాచికోలు అనే ఆటగాళ్లు చెక్క మొకాలు కట్టుకుని, నెత్తిన నార జుట్టు పెట్టుకుని, రేకు గిలక్కాయలు ఆడిస్తూ పొద్దున నుంచి రాత్రి దాకా ఊరంతా తిరుగుతారు. వాళ్లకు ఒక పెద్ద ఉంటాడు. అందరి మొకాలూ ప్రసన్నంగా ఉంటే ఆయనది ఒక్కటే కరుకు మొకం. చేతిలో కొరడా, గిటారు, నోట్లో పిల్లనగ్రోవి. పారాచికో అనే పేరు వెనక ఒక కథ చెప్పుకుంటారు. జబ్బు చేసిన కొడుకును తీసుకుని ఒక ధనవంతురాలు ఆ ఊరికి వచ్చిందట, ఆ పిల్లవాడిని నవ్వించడానికి ఈ ఆట మొదలైందట. వాళ్ల భాషలో 'పారా చికో' అంటే 'పిల్లవాడి కోసం' అని. బిడ్డకు బాగైతే నిలువెత్తు బంగారం తూగుతానని సమ్మక్కకు మొక్కే మనకు ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. 2010లో యునెస్కో ఈ జాతరను తన జాబితాలో చేర్చింది. అందులో నాకు నచ్చిందేమంటే, మొకం చేసే పనిని కూడా కలిపే లెక్కించారు. చెట్టు కొట్టడం, చెక్క ఆరబెట్టడం నుంచి చివరి రంగు దాకా ఆ విద్య అంతా జాతరలో భాగమే.

గెర్రెరో వైపు పులి ఆటలు ఉన్నాయి. వాళ్ల పులి అంటే జాగ్వార్. పశువుల మీద పడే పులిని ఊరి రైతులు వేటాడటమే కథ. ఒలినాలా అనే ఊళ్లో ఆ మొకాలకు లక్క పూత వేసి, మీసాలకు అడవి పంది వెంట్రుకలు గుచ్చుతారు. మా చుట్టాల మక్కజొన్న చేన్లను ఏటా పందులే తింటున్నాయి, ఆ వెంట్రుకలకైనా గిరాకీ లేదాయె.

వ్యాసంలో ఒక తప్పు దొర్లింది, దిద్దితే బాగుంటుంది. వాహాకా లోయలోని రంగురంగుల చెక్క జంతువుల బొమ్మల్ని కూడా మీరు ముసుగుల లెక్కలో కలిపి, 'వేల ఏళ్ల నాటి అలెబ్రిహెలు' అన్నారు. మొకాలు కట్టి ఆడటం అక్కడ స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచే ఉంది. ఆ బొమ్మలు మాత్రం నిన్నమొన్నటివి. అలెబ్రిహె అనే మాట మెక్సికో నగరంలో కాగితపు ముద్దతో బొమ్మలు చేసే పెద్రో లినారెస్‌ది. 1936లో ఆయన జబ్బుపడి, జ్వరంలో రెక్కల గాడిదలు, కొమ్ముల కోడిపుంజులు కలలో కనబడితే లేచాక వాటిని చేశాడు. వాహాకాలో అర్రాసోలా ఊరి మాన్యుయెల్ హిమెనెస్ చెక్క బొమ్మలు పట్నంలో అమ్మడం మొదలుపెట్టింది 1950ల చివర్లో. ఆటల కోసం మొకాలు, పిల్లల కోసం చిన్న బొమ్మలు చెక్కే అలవాటు అక్కడ ముందే ఉంది. ఆ చేతులే తర్వాత ఈ బొమ్మల వైపు మళ్లాయి. కాగితపు బొమ్మల పేరు చెక్క బొమ్మలకు తర్వాతే అంటుకుంది.

ఈ వాహాకా వాళ్ల చెక్క గురించి నాలుగు మాటలు రాయనివ్వండి, మీకు స్థలం లేకపోతే ఇది కోసేయండి. వాళ్లు వాడేది కోపాల్ చెట్టు. దాని బంకను వాళ్లు మన సాంబ్రాణిలా దేవుని ముందు పొగ వేస్తారు. మన అడవుల్లోని అందుగు చెట్టుదీ అదే కుటుంబం. టేకును మేం నెలల తరబడి ఆరబెట్టి గాని ఉలి పెట్టం. వాళ్లు కోపాల్‌ను పచ్చిగా ఉండగానే చెక్కేస్తారు, ఆరితే గట్టిపడుతుంది కాబట్టి. మొదట పెద్ద కత్తితో ఆకారం తీసి, చివరి పనంతా చిన్న చాకుతోనే. పెద్ద బొమ్మ అయితే చెక్కాక ఆరడానికి నెలలు పడుతుంది, ఆరుతూ పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లలో ఏం చేస్తారని మా అమ్మాయిని అడిగాను. చెక్క చీలికలు కొట్టి, పొట్టులో బంక కలిపి నింపుతారంది. నేను రందా పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. మా బాపు భీముని చెంపలో నింపింది అదే కదా! బంక ఒక్కటే వేరు.

గిరాకీ పెరిగాక ఆ ఊళ్ల చుట్టూ కోపాల్ చెట్లు కరిగిపోయాయి, దూరం నుంచి దుంగలు కొనుక్కుంటున్నారు, మళ్లీ మొక్కలు నాటుతున్నారు. నిర్మల్ బొమ్మల వాళ్లను అడగండి, పొణికి కోసం వాళ్లు పడే తిప్పలు చెప్తారు.

ఇప్పుడు వెనక వైపు సంగతి. ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మెక్సికోలోనే దీని మీద పెద్ద గందరగోళం జరిగింది. 1970లలో విదేశాల నుంచి ముసుగులు కొనేవాళ్లు గెర్రెరో రాష్ట్రానికి ఎగబడ్డారు. అడిగినవాళ్లకు లేదనకుండా అక్కడి వ్యాపారులు బల్లులు, గబ్బిలాలు, పాములు మెలికలు తిరిగిన పెద్ద పెద్ద ముసుగులు చేయించారు. పాతవిగా కనబడేట్టు చేసి, ఏ ఊళ్లోనూ ఎవరూ ఎన్నడూ ఆడని ఆటల పేర్లు తగిలించారు. అవి కొన్ని పెద్ద పెద్ద పుస్తకాల్లోకి కూడా ఎక్కాయి. తర్వాత తెలిసినవాళ్లు వాటిని తిప్పి చూస్తే గుట్టు బయటపడింది. నుదురు ఆనిన నునుపు లేదు, తాడు రంధ్రాలు అరగలేదు, కొన్నింటికి మనిషి కళ్లు ఉండే చోట రంధ్రాలే లేవు. కట్టుకోవడానికి వీలుకాని మొకం ఏ ఆటలో ఆడుతుంది?

వాళ్లను తిట్టే హక్కు నాకు లేదు. ఎందుకో చెప్తాను. నా పేరు మాత్రం వేయకండి.

2019లో ఒక ఫంక్షన్ హాల్ యజమాని నాతో 12 మొకాలు చేయించాడు. మామిడి చెక్క, ఒక్కోటి 3,500 రూపాయలు. నేను మొదటి దానికి కళ్ల రంధ్రాలు పెట్టి తీసుకెళ్లాను. ఇంటీరియర్ డిజైన్ చేసే పిల్లవాడు చూసి, "అంకుల్, హోల్స్ వద్దు, వెనక గోడ కనిపిస్తది" అన్నాడు. సరేనని మిగతా పదకొండింటికి కళ్లు రంగుతో దిద్దాను. లోపల తొలవలేదు కూడా, వెనక బల్లపరుపుగా వదిలేశాను, గోడకు ఆనాలి కదా. మరుసటి ఏడాది అదే హాల్లో మా వాళ్ల పెళ్లికి వెళ్లాను. బగారా అన్నం ప్లేటు పట్టుకుని నిలబడి ఉంటే, ఆ యజమాని ఎవరో పెద్ద మనుషులకు నా మొకాలు చూపిస్తూ "ఇవి 200 ఏళ్ల కిందటివి, అడవిలో నుంచి తెప్పించినం" అంటున్నాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. నాకింకా 12,000 రూపాయల బాకీ రావాలి.

గోడకు పెట్టుకునే బొమ్మలు చేయడం తప్పని నేననడం లేదు. చేర్యాల నకాశీ వాళ్లు కొబ్బరి చిప్ప మీద లప్పం పట్టించి చేసే చిన్న మొకాలు మా ఇంట్లోనూ రెండున్నాయి, టీవీ పైన. వాటికి రంధ్రాలుండవు, కళ్లు కుంచెతో దిద్దినవే. వాటిని ఎవరూ ఆడిన మొకాలని చెప్పరు. అవి వేరు, నేను చేసి ఇచ్చినవి వేరు.

రెండేళ్ల కింద హనుమకొండలో ఒక ప్రదర్శన పెట్టారు. ఎవరు పెట్టారో రాయను. అందులో ఒక నాయకపోడు మొకం ఉందని విని వెళ్లాను. మెరవాలని దాని మీద వార్నిష్ కొట్టారు. తాడు రంధ్రంలో నుంచి నేరుగా గోడకు మేకు దిగ్గొట్టారు. కింద చీటీలో 'గిరిజన ముసుగు, చెక్క' అని ఉంది. ఏ ఊరిది, ఏ చెక్క, ఎవరి మొకం, ఏమీ లేదు. అక్కడున్న పిల్లవాడిని బతిమాలాను, ఒక్కసారి తిప్పి చూపించమని. "వెనకాల ఏముంటది అంకుల్, ఏముండదు" అన్నాడు. పాపం వాడి తప్పు లేదు. వాడు చూసిన ఫోటోలన్నీ మీరు వేసినలాంటివే కదా.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఈసారి ముసుగుల మీద రాస్తే, మెక్సికోవైనా మనవైనా, ఒక్క ఫోటో వెనక నుంచి వేయండి. చెక్క పేరు రాయండి. ఊరి పేరు రాయండి. ఆడినదా, గోడకు చేసినదా చెప్పండి. మెక్సికోలో సకాతెకాస్ అనే పట్నంలో పాత క్రైస్తవ మఠంలో వేల మొకాలతో ఒక మ్యూజియం ఉంది, రఫాయెల్ కొరొనెల్ అనే చిత్రకారుడు సేకరించినవి. అంత దూరం మీరెందుకు పోతారు, నేనెందుకు పోతాను.

ములుగు వైపు మీ విలేకరి ఎలాగూ జాతర వార్తలకు వెళ్తాడు. నాయకపోడు గూడేల్లో అడగమనండి. పెద్దాయన ఇప్పుడు ఉండడు, 1974లోనే ఆయనకు అరవై దాటాయి. భీముని మొకం ఉండొచ్చు. వాళ్లు ఒప్పుకుంటేనే, వాళ్ల చేత్తోనే తిప్పించి ఫోటో తీయమనండి. కుడి కన్ను కొంచెం పెద్దగా, కిందికి ఉంటుంది. ఎడమ చెవి కింద వేలెడు పొడవు అతుకు ఉంటుంది, చుట్టూ ఉన్న చెక్క కంటే తెల్లగా. మేకు ఉండదు.

ఇట్లు,
ఒక వడ్రంగి,
కాశిబుగ్గ, వరంగల్